తోటి వ్యాపారి దగ్గర కొత్త పద్ధతి నేర్చుకోవడం ఎలా? బరంపురం, పర్లాకిమిడి చిన్న యూనిట్ల కోసం

ఒడిశాలోని బరంపురంలో అప్పడాలు, పచ్చళ్లు చేసి అమ్మే కుటుంబాలకు, పర్లాకిమిడి చుట్టుపక్కల జీడిపిక్కల షెడ్డు నడిపేవారికి, పట్టుచీరల మగ్గాలున్నవారికి ఒక గొప్ప వీలుంది. ఇటు ఒడిశా బజారు, అటు ఆంధ్ర బజారు రెండూ చేతికందే దూరంలో ఉన్నాయి. పర్లాకిమిడి దాటితే పాతపట్నం, బరంపురం నుంచి రైలెక్కితే కాసేపట్లో ఇచ్ఛాపురం. జీడిపప్పుకు పేరుపడ్డ పలాసకు పొద్దున్న వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే మనకు రెండు వైపులా తలుపులు తెరిచే ఉన్నాయి. అయినా కొత్త యంత్రం కొనాలనుకున్నప్పుడు మనలో ఎక్కువమంది అమ్మేవాడి మాట వింటారు, లేదా ఫోనులో వీడియో చూసి డబ్బు కట్టేస్తారు. ఆ యంత్రం వాడుతున్న మనిషిని వెళ్లి అడగరు.

ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 1928 ప్రాంతంలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం వచ్చింది. అది ఎలా వ్యాపించిందో బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు ఊళ్లలో 259 మంది రైతులను అడిగి తెలుసుకుని 1943లో ప్రచురించారు. విత్తనం గురించి చాలామందికి మొదట చెప్పింది కంపెనీ మనుషులే. కానీ వేసి చూడాలన్న నమ్మకం ఎక్కువమందికి కుదిరింది పొరుగు రైతుల వల్ల. అప్పటికీ మొదటి ఏడాది చాలామంది కొద్ది చెక్కలోనే వేశారు. 1941 నాటికి ఇద్దరు తప్ప అందరూ ఆ విత్తనానికి మారారు. కబురు చెప్పేది ఒకరు, నమ్మకం కలిగించేది మరొకరు. మీరు వెతకాల్సింది ఆ రెండో మనిషిని.

ముందు మీ ఇబ్బందిని ఒక్క వాక్యంలో రాయండి

'వ్యాపారం పెంచాలి' అనేది ఇబ్బంది కాదు, కోరిక. 'వానాకాలంలో వారానికి మూడు రోజులు అప్పడాలు ఆరడం లేదు' అనేది ఇబ్బంది. 'తొక్క తీసేటప్పుడు పప్పు ఎక్కువగా బద్దలవుతోంది', 'మగ్గానికి నూలు కండెలు చుట్టడానికే ఇంట్లో ఒక మనిషి రోజంతా కూర్చోవాల్సి వస్తోంది' అన్నవి కూడా అలాంటివే. ఇంత సూటిగా రాసుకున్నాకే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుస్తుంది.

రాసిన వాక్యం పక్కన ఒక అంకె ఉండాలి. అది మీ నోటుపుస్తకంలోంచి రావాలి, జ్ఞాపకంలోంచి కాదు. రెండు వారాలపాటు రోజూ సాయంత్రం రాయండి: ఎంత సరుకు పెట్టారు, ఎంత బాగా వచ్చింది, ఎంత పాడైంది, ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారు. ఈ రెండు వారాల లెక్క లేకుండా వేరేవాళ్ల షెడ్డుకు వెళ్తే, అక్కడ కనిపించిన ప్రతిదీ గొప్పగానే అనిపిస్తుంది.

ఎవరిని అడగాలి?

మీ వీధిలోనే అదే సరుకు అదే కొట్లకు వేసే మనిషిని మొదట అడగకండి. అతను చెడ్డవాడని కాదు. చెబితే రేపు తన గిరాకీ మీకు పోతుందన్న జంకు అతనికి ఉంటుంది, అది సహజం. చైనాలోని నాన్‌చాంగ్ నగరంలో ఆర్థికవేత్తలు జింగ్ కాయ్, ఆడమ్ సైడ్ల్ ఇలాంటి దాన్నే పరీక్షించారు. రెండువేల ఎనిమిది వందలకు పైగా చిన్న సంస్థలను తీసుకుని, కొందరు యజమానులను చిన్న గుంపులుగా చేసి ఏడాదిపాటు నెలనెలా కలిసి కూర్చోబెట్టారు, మిగిలినవారిని వారి మానాన వదిలేశారు. 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం కలిసి కూర్చున్నవారి అమ్మకాలు మిగిలినవారికంటే 8 శాతం పైగా పెరిగాయి. పనికొచ్చే సమాచారాన్ని జనం ఒకరికొకరు చెప్పుకున్నది ఎక్కువగా తమలో తాము పోటీ కానప్పుడే. తమకంటే మెరుగ్గా నడుస్తున్న సంస్థలున్న గుంపులో పడ్డవారు ఎక్కువ బాగుపడ్డారు.

అందుకే సరిహద్దు మనకు మేలు చేస్తుంది. బరంపురం బడా బజార్‌లో అప్పడాలు వేసే మీకు, పలాసలో జీడిపప్పు ఆరబెట్టే మనిషి పోటీ కాదు. కానీ వేడిగాలితో ఆరబెట్టే యంత్రం గురించి అతనికి తెలిసింది మీకు అక్షరాలా పనికొస్తుంది. సరుకు వేరైనా పని ఒకటే అయినచోటు వెతకండి. ఆరబెట్టడం, ప్యాకింగ్, తూకం, అప్పు వసూలు వంటివి అన్ని వ్యాపారాల్లోనూ ఉన్న పనులే.

ఇంకో ముగ్గురిని మరిచిపోవద్దు. ఊరూరా తిరిగి యంత్రాలు బాగుచేసే మెకానిక్కు ఎవరి షెడ్డులో ఏది తరచూ చెడిపోతోందో కంఠతా వస్తుంది. ప్యాకింగ్ కవర్లు, డబ్బాలు సరఫరా చేసే మనిషికి ఎవరి అమ్మకం పెరుగుతోందో తెలుస్తుంది. మీ సరుకు, వేరేవాళ్ల సరుకు రెండూ కొనే టోకు వ్యాపారి, ఎవరి సరుకు ఎందుకు తిరిగొచ్చిందో చెప్పగలడు. ఈ ముగ్గురితో టీ తాగుతూ మాట్లాడిన అరగంట ఒక్కోసారి శిక్షణ తరగతికంటే ఎక్కువ నేర్పుతుంది.

మన తెలుగువాళ్లలో ఒక అలవాటు ఉంది. సరుకు అమ్మడానికి ఒడియా వ్యాపారి దగ్గరికి వెళ్తారు గానీ, మెళకువ అడగడానికి మాత్రం అవతలి తెలుగువాళ్ల దగ్గరికే వెళ్తారు. దీన్ని మానుకోవాలని గట్టిగా చెబుతాను. మీ కరెంటు, మీ పన్ను అధికారి, మీ బ్యాంకు, మీ వాన అన్నీ ఒడిశావే. వాటితో ఎలా నెట్టుకురావాలో పక్క వీధి ఒడియా యజమానికే బాగా తెలుసు.

చూడటానికి వెళ్లినప్పుడు

ముందు ఫోను చేసి వెళ్లండి. బంధువుల ద్వారానో, టోకు వ్యాపారి ద్వారానో పరిచయం చేయించుకుంటే మంచిది. ఉత్త చేతులతో వెళ్లకండి. స్వీటు పొట్లం సంగతి కాదు నేను చెప్పేది. వాళ్లకు పనికొచ్చే ఒక సంగతి పట్టుకెళ్లండి: మీ బజారులో ఏ రకం బాగా పోతోంది, ఏ కవరు కొత్తగా వచ్చింది, ఏ రవాణా మనిషి సరుకు జాగ్రత్తగా చేరుస్తాడు. ముందు మీరు చెబితే, తర్వాత వాళ్లు చెబుతారు. కొన్న ధర, అమ్మే ధర, ఖాతాదారుల పేర్లు అడగొద్దు. ఫొటో తీసే ముందు అడగండి.

పని నడుస్తున్నప్పుడే వెళ్లండి. ఆరబెట్టే యంత్రాన్ని ఎండాకాలంలో చూస్తే ఏమీ తెలియదు. ముసురు పట్టిన రోజు చూడాలి.

జీడి షెడ్డులో ఏమేం చూడాలో కాస్త వివరంగా చెబుతాను, మిగతా పనులకూ ఇదే తీరు వర్తిస్తుంది. పిక్కలను ఆవిరిలో ఉడికించాక వెంటనే కొట్టరు, బాగా చల్లారి గట్టిపడేదాకా ఆరనిస్తారు. ఎంతసేపు ఆరనిస్తున్నారో అడగండి. తొందరపడితే కోత దగ్గరే పప్పుకు కత్తి తగులుతుంది. కోత అయ్యాక పప్పు డ్రయ్యర్‌లోకి వెళ్తుంది. అక్కడ వేడి 70 డిగ్రీల దగ్గర ఉంటుంది, కొన్ని గంటలపాటు ఆరుతుంది. ఇక్కడ ఆగండి. పై అరలో ట్రే, కింది అరలో ట్రే ఒకేలా ఆరవు. నడుమ ట్రేలు మారుస్తున్నారా, ఎవరు మారుస్తున్నారు, ఎన్ని గంటలకోసారి మారుస్తున్నారో చూడండి. పప్పు తక్కువ ఆరితే తొక్క అంటుకుని ఊడదు, గోటితో గీకాల్సి వస్తుంది. ఎక్కువ ఆరితే పెళుసెక్కి చేతిలోనే రెండుగా విడిపోతుంది. అనుభవమున్న ఆడవాళ్లు ట్రేలోంచి నాలుగు పప్పులు తీసి వేళ్ల మధ్య నలిపి చూసి 'ఇంకొంచెం ఉండనివ్వండి' అంటారు. యంత్రం మీద రాసి ఉన్న అంకెలకంటే ఆ వేళ్లకు తెలిసింది ఎక్కువ. యజమానితో మాట్లాడాక, ఆయన అనుమతితో, ఆ తొక్కతీసేవారి పక్కన గంటసేపు కూర్చోండి. "అక్కా, ఈ యంత్రం వచ్చాక పని తేలికైందా? ఏ రోజు ఇబ్బంది పెడుతుంది?" అని అడగండి. యజమాని చెప్పని సగం అక్కడ వినిపిస్తుంది.

యజమానిని కూడా మంచి సంగతులు మాత్రమే అడిగి వచ్చేయకండి. "బాబాయ్, దీన్ని ఇవాళ మళ్లీ కొనాల్సి వస్తే ఏం మార్చి కొంటారు?" అన్న ఒక్క ప్రశ్న చాలా బయటపెడుతుంది. మొదటి ఏడాది ఎన్నిసార్లు ఆగింది, విడిభాగం ఎక్కడి నుంచి వచ్చింది, రావడానికి ఎన్ని రోజులు పట్టింది అన్నవి కూడా అడగండి. ఇంటికి వచ్చాక కాదు, బస్సులోనే అన్నీ రాసుకోండి.

ఒకే షెడ్డు చూసి నిర్ణయానికి రావద్దు. కనీసం రెండు చూడండి. వాటిలో ఒకటి, ఆ యంత్రం కొని పక్కన పెట్టేసిన చోటైతే మరీ మంచిది. అలాంటి చోటు ఎక్కడుందో మెకానిక్కు చెబుతాడు.

మీ దగ్గర సరిపోతుందా?

అక్కడ బాగా నడిచినది ఇక్కడ నడవకపోవచ్చు. చేనేతలో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. తెలంగాణలోని ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, చిటికి పట్టు చీరలకు ఆసు పోయడంలో, అంటే రంగద్దే ముందు నూలును మేకుల చుట్టూ వరుసగా చుట్టడంలో, తల్లి పడుతున్న కష్టం చూసి ఆసు యంత్రాన్ని తయారుచేశారు. ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాల్సిన పనిని ఆ యంత్రం తీసేసింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పోచంపల్లి నేతగాళ్లకు అది వరం. కానీ బరంపురం పట్టు ఆ రకం నేత కాదు. కుంభం అంచుతో నేసే మన చీరకు నూలును కట్టి రంగద్దే పని లేదు కాబట్టి ఆ యంత్రంతో అవసరమూ లేదు. ఆయన నుంచి బరంపురం నేతగాడు నేర్చుకోవాల్సింది యంత్రం కాదు, ఏ పని దగ్గర ఒళ్లు ఎక్కువ అరుగుతోందో పట్టి చూసే చూపు. మన ఇళ్లలో అది కండెలు చుట్టే పని కావచ్చు. దానికి చిన్న మోటారు సరిపోవచ్చు.

అవతల చూసినదాన్ని ఇవతలకు తెచ్చేముందు మరికొన్ని విషయాలు తేల్చుకోవాలి. శ్రీకాకుళం జిల్లాకు కరెంటు ఇచ్చేది ఈపీడీసీఎల్, మనకు ఇచ్చేది టాటా పవర్ సదరన్ ఒడిశా. రేట్లు వేరు, కనెక్షన్ షరతులు వేరు. పలాస యజమాని చెప్పిన నెల బిల్లు మీకు వర్తించదు. మీ షెడ్డుకు త్రీఫేజ్ ఉందా, లేకపోతే వేయించడానికి ఎంతవుతుందో ముందు అడగండి. అతనికి వచ్చిన రాయితీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానిదైతే అది మీకు రాదు. రాయితీ తీసేసి యంత్రం అసలు ధరతో లెక్క వేసుకోండి. ఆహార పదార్థాల చిన్న యూనిట్లకు 2020లో కేంద్రం తెచ్చిన పథకంలో ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు బ్యాంకు రుణంతో ముడిపడిన రాయితీ పెట్టారు. అయితే దరఖాస్తు మీ రాష్ట్రం ద్వారానే వెళ్లాలి. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అని జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగాకే యంత్రానికి బయానా ఇవ్వండి. సరిహద్దు దాటి సరుకు తెచ్చేటప్పుడు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు తప్పనిసరి అన్నది కూడా గుర్తుంచుకోండి.

బాగుచేసేవాడు ఎక్కడున్నాడన్నది అన్నిటికంటే పెద్ద విషయం. విశాఖపట్నం నుంచి మనిషి రావాలంటే మీ షెడ్డు ఎన్ని రోజులు ఆగుతుందో ముందే ఆలోచించండి.

సగం సరుకుతో పరీక్షించండి

యంత్రం కొనకుండానే చాలా పద్ధతులను పరీక్షించవచ్చు. మీ సరుకును బస్సులో వేసుకుని వాళ్ల షెడ్డుకు తీసుకెళ్లి, అద్దె ఇచ్చి, వాళ్ల యంత్రంలో ఒక విడత నడిపించండి. ఒప్పుకునేవాళ్లు చాలామందే ఉంటారు, యంత్రం ఖాళీగా ఉన్న వేళ వాళ్లకూ నాలుగు డబ్బులు వస్తాయి.

ఎక్కడ చేసినా సరుకును రెండు భాగాలు చేయండి. ఒకే బస్తాలోంచి, ఒకే రోజు, సగం పాత పద్ధతిలో, సగం కొత్త పద్ధతిలో. వేరువేరు రోజుల సరుకు పోల్చితే తేడా యంత్రం వల్ల వచ్చిందా, పిక్క వల్ల వచ్చిందా, వాతావరణం వల్ల వచ్చిందా అన్నది ఎప్పటికీ తేలదు. ఒక్కసారితో ఆపకుండా కొన్ని విడతలు చేయండి.

లెక్క ఇలా వేయండి. 80 కిలోల పిక్కల బస్తా నుంచి 20 కిలోల పప్పు వస్తుందనుకుందాం. పాత పద్ధతిలో అందులో 4 కిలోలు బద్దలైతే, కొత్త పద్ధతిలో 3 కిలోలే బద్దలయ్యాయి. విరగని పప్పుకు, బద్దకు కిలోకు 100 రూపాయల తేడా అనుకుంటే బస్తాకు మిగిలేది 100 రూపాయలు. రోజుకు 5 బస్తాలు, ఏడాదికి 200 రోజులు నడిపేవారికి లక్ష రూపాయలు మిగులుతుంది. యంత్రం 4 లక్షలైతే నాలుగేళ్లలో తీరుతుంది. రోజుకు 2 బస్తాలు నడిపేవారికి ఏడాదికి 40 వేలే మిగులుతుంది కాబట్టి అదే యంత్రం తీరడానికి పదేళ్లు పడుతుంది. అందులో కరెంటు, వడ్డీ, మరమ్మతు ఇంకా తీయనే లేదు. పొరుగువాడికి లాభం తెచ్చిన యంత్రమే మీకు అప్పు తెచ్చిపెట్టడానికి ఇదొక్కటి చాలు. ఇందులోని ధరలు ఊహించినవి, మీ ధరలు పెట్టుకుని మీ లెక్క మీరు వేసుకోండి.

లెక్క కుదరకపోతే యంత్రాన్ని వదిలేసి మెళకువను మాత్రం తెచ్చుకోండి. ట్రేలు మార్చే వేళలు, చల్లార్చే గంటలు, పప్పు నలిపి చూసే పద్ధతి ఇవన్నీ ఉచితం. చాలాసార్లు బాగుపడేది వీటితోనే.

పనివారి కూలి లెక్క ముందే తేల్చండి

చాలామంది వదిలేసేది ఈ అడుగే. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ఫుట్‌బాళ్ల తయారీకి ప్రపంచ ప్రసిద్ధి. బంతికి కావలసిన ఐదు భుజాల ముక్కలను రెక్సిన్ షీటులోంచి తక్కువ వృథాతో కోసే కొత్త అచ్చును ఆర్థికవేత్తల బృందం ఒకటి అక్కడి ఫ్యాక్టరీలకు ఉచితంగా ఇచ్చింది. పదిహేను నెలలు గడిచినా దాన్ని వాడినవారు కొద్దిమందే. కారణం తెలిసేసరికి ఎంతో తేలికైనదిగా కనిపించింది. కోసేవారికి కూలి ముక్కల లెక్కన వస్తోంది. కొత్త అచ్చుతో మొదట్లో చెయ్యి నెమ్మదిస్తుంది, అంటే వారి కూలి తగ్గుతుంది. మిగిలే రెక్సిన్ మాత్రం యజమానిది. అందుకే ఈ అచ్చు పనికిరాదని వాళ్లు యజమానులకు చెబుతూ వచ్చారు. ఆ తర్వాత కొన్ని ఫ్యాక్టరీల్లో, అచ్చు ఎలా పనిచేస్తుందో యజమాని ముందు చేసి చూపించిన పనివారికి సుమారు ఒక నెల సంపాదనంత డబ్బు ఇస్తామన్నారు. అక్కడ దాన్ని వాడటం గణనీయంగా పెరిగింది. 2017లో ఈ పరిశోధన ప్రచురితమైంది.

మన జీడి షెడ్లలో తొక్కతీతకు కూలి ఇచ్చేది కిలోల లెక్కన, అప్పడాలు ఒత్తేవారికీ చేసినదాన్ని బట్టే. కాబట్టి కొత్త పద్ధతి మొదలుపెట్టే ముందు రోజే చెప్పేయండి: నేర్చుకునే వారాల్లో పాత సగటు కూలి తగ్గకుండా ఇస్తాను, విరగని పప్పు పెరిగితే అందులో ఇంత మీకు. మాట ఇచ్చి ఊరుకోకుండా గోడ మీద రాసిపెట్టండి. పిక్కలు కొట్టేచోట జీడి రసానికి చేతులు కూడా కాలతాయి. పనివారి నష్టంతో మీరు పరీక్ష చేయడం ధర్మం కాదు, పైగా ఆ పరీక్ష ఫలితం నిజమూ కాదు. వెళ్లి చూసి వచ్చేటప్పుడు వీలైతే మీ షెడ్డులో చేయి తిరిగిన ఒకరిని వెంట తీసుకెళ్లండి. ఆమె తిరిగొచ్చి తోటివారికి చెప్పే మాట, మీరు చెప్పేదానికంటే తొందరగా నాటుకుంటుంది.

నెలకోసారి కూర్చోండి

ఆరుగురు, ఎనిమిది మంది చాలు. అందరూ ఒకే సరుకువాళ్లు కాకుండా చూసుకోండి: ఒక అప్పడాల యూనిట్, ఒక జీడి షెడ్డు, ఒక చేనేత ఇల్లు, ఒక బేకరీ, ఒక నూనె గానుగ. ఇద్దరు ముగ్గురు ఒడియావారు తప్పక ఉండాలి. ప్రతి నెలా ఒక్కొక్కరి షెడ్డులో కూర్చోండి, హోటల్లో వద్దు. కూర్చోబోయే ముందు షెడ్డంతా తిరిగి చూడాలి. ఆ నెల యజమాని తన ఇబ్బందిని ఒక్క వాక్యంలో, దాని అంకెతో సహా చెప్పాలి. మిగిలినవారు తమ దగ్గర ఏం చేశారో చెప్పాలి, 'ఇలా చేస్తే బాగుండు' అన్న ఊహలు కాదు. ఒకరు పుస్తకంలో రాయాలి. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నా, శుభోదయం బొమ్మలకు చోటివ్వకండి. ఫొటో, అంకె, ప్రశ్న, జవాబు మాత్రమే ఉండాలి.

కొన్ని నెలలకు నమ్మకం కుదిరాక కవర్లు, డబ్బాలు కలిసి కొనడం మొదలుపెట్టవచ్చు. ఒక్కరికి భారమైన యంత్రాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి తెచ్చుకుని గంటల లెక్కన వాడుకోవచ్చు. అప్పుడు ఎవరి వంతు ఎప్పుడు, చెడితే డబ్బు ఎవరిది అన్నవి కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోవాలి, అన్నదమ్ములైనా సరే.

తుఫాను కబుర్లు కూడా ఈ గుంపులోనే మాట్లాడుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం జీడి, కొబ్బరి తోటలను కూల్చింది, గజపతి జిల్లాలోనూ పెద్ద నష్టం చేసింది. జీడి చెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అలాంటప్పుడు పిక్క ఎక్కడ దొరుకుతుందో, నిల్వ ఉన్న సరుకును తడవకుండా ఎక్కడ పెట్టాలో అప్పటికప్పుడు తెలిసేది, అవతలి ఊళ్లో ఫోనెత్తే మనిషి ఉన్నవారికే.

మీరు పరీక్షించిన పద్ధతి కుదరకపోతే, వచ్చే నెల సమావేశంలో మొదట దాని గురించే చెప్పండి: ఏం చేశారు, ఎంత ఖర్చైంది, అంకె ఎంత మారింది, ఎక్కడ ఆగింది. ఆ పేజీని కూడా పుస్తకంలో రాయించండి. అదే యంత్రం కోసం బయానా ఇవ్వబోతున్న ఇంకొకరు ఆ గుంపులో ఉండవచ్చు.